పరుల దుఃఖము వినువారు

దుఃఖితుల నోదార్చుట పుణ్యకార్యమని మన పెద్దలు పలుమారులు చెప్పియున్నారు. ఓదార్చువారి మనస్సు ఏమగుచున్నదో విచారించువారు మాత్రము అరుదు. మానసిక చికిత్సకులు, ఆసుపత్రులలో కౌన్సిలింగు చేయువారు, నర్సులు దినదినమును పరుల వేదన వినుచుందురు. వారిని గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి. ఏలయన ఆ పనిలో కొంత పాలు మన యిండ్లలో మనమును చేయుచున్నాము.

మన శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును చూడుడు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా నుండు సీమ యది. అట్టి సీమలో ఏండ్ల తరబడి మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్నది. దాని మూలకారణమును వైద్యశాస్త్రము నేటికిని నిశ్చయింపలేదు. వ్యాధి ముదిరినవారు వారమునకు రెండు మూడు మారులు, మారునకు నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రము చెంత గడపవలసియుండును. ఇది చాలదన్నట్లు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి, ఏండ్లు శ్రమించి పెంచిన తోటలను తెల్లవారునప్పటికి నేలకూల్చెను. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. అయినను యంత్రము రక్తమును శుద్ధిచేయునే గాని, “నా పిల్లల గతి యేమి?” యను ప్రశ్నకు బదులు చెప్పదు. ఆ ప్రశ్న చెంతనున్న మనుష్యుల చెవినే పడును.

వినువారియొద్ద ఆ ప్రశ్నకు మందు లేదు. వారు ఈయగలిగినది తమ సన్నిధి మాత్రమే. సన్నిధి యనగా దేహము అచట నుండుట గాదు, మనస్సును అచటనే యుండవలెను. ఎదుటివారు చెప్పుచుండగా బదులు వెదకుకొనక, “ఇంతకన్న కష్టపడినవారు లేరా” యని త్రోసివేయక, తుదివరకు వినవలెను. భగవద్గీత ప్రథమాధ్యాయమున అర్జునుడు తన శోకమును చెప్పుకొని విల్లు విడిచి కూలబడువరకును శ్రీకృష్ణుడు నడుమ నొక్కమాటయు పలుకలేదు. మందలించుటయు, బోధించుటయు తరువాతి మాట, మొదట వినెను. 1957లో కార్ల్ రోజర్సు అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు చికిత్సకున కుండదగిన గుణములను వివరించుచు నిష్కపటత్వమును, షరతులు లేని ఆదరమును, ఎదుటివారి లోకమును వారి కన్నులతో చూడగలుగుటను ముఖ్యముగా పేర్కొనెను.

అయితే ఇట్లు వినువారికి నొక అపాయము కలదు. రోగి కోలుకొననప్పుడు “నేనేమియు చేయజాలనైతిని, నే నీ పనికి తగను” అని తమ్ము తాము నిందించుకొందురు. ఆ నింద పెరిగినకొలది మనస్సు మొద్దుబారును, లేదా నిద్ర తొలగును. తుదకు ఎదుటివారి మాట చెవినబడియు హృదయమును చేరదు. తన్ను దయమాలి చూచువారు పరులయందు దయను ఎంతకాలము నిలుపుకొనగలరు?

దీనికి విరుగుడు ఆత్మకరుణ. ఇది తన్ను చూచి తాను జాలిపడుట గాని, సోమరితనమునకు సాకు గాని కాదు. క్రిస్టిన్ నెఫ్ అను విదుషి 2003లో దీనికి మూడంగములు చెప్పినది: తనయెడ దయ, కష్టము మానవులందరికిని సామాన్యమను ఎరుక, బాధను పెంచక దాచక ఉన్నదున్నట్లు చూచుట. ఈ భావము మన నేలకు క్రొత్తది కాదు. వంశధార యొడ్డున శాలిహుండమునను, విజయనగరము చెంత రామతీర్థమునను బౌద్ధావశేషములు నేటికిని కానవచ్చుచున్నవి. బౌద్ధుల విశుద్ధిమార్గమను పాలీ గ్రంథము మైత్రీభావనను మొదట తనయందే ఆరంభింపుమని విధించుచున్నది. నేను సుఖమును కోరునట్లే తక్కినవారును కోరుదురని తెలియుటకు తానే సాక్షి యగుట దానికి కారణము.

ఆచరణమున ఇది కష్టసాధ్యము కాదు. ఒకరి కథ విని మరియొకరి యొద్దకు పోవుటకు ముందు పాదములు నేలకాన్చి, నాలుగైదు శ్వాసలు నెమ్మదిగా గమనింపవలెను. “నా మనస్సు బరువుగా నున్నది” అని లోలోపల ఒప్పుకొనవలెను. చెల్లెలు ఇట్టి స్థితిలో నున్నచో ఏమి చెప్పుదుమో ఆ మాటయే తమకును చెప్పుకొనవలెను. ఆ వృత్తియందలి వారు తమకంటె అనుభవము గలవారితో తమ భారమును పంచుకొనుటయు విధియే. అది లోపము కాదు.

ఇంట దీర్ఘరోగికి సేవచేయు తల్లికిని, కోడలికిని ఈ మాటలన్నియు చెల్లును. రోగికి వేళకు పథ్యము పెట్టి తాను పస్తుండుట సేవకు లక్షణము కాదు. భారము మితిమీరినచో 14416 నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ సేవ యిది, తెలుగుననే మాటలాడవచ్చును. కావున సోదరీమణులు పరుల కన్నీరు తుడుచునప్పుడు తమ కన్నులు కూడ చెమర్చునని మరువకుందురు గాక!