లాల్‌బాగ్: రాజు వేసిన తోట, మనందరి తోట



బెంగళూరు వంకాయ మీకు తెలుసు కదా. లేతాకుపచ్చగా ఉంటుంది. పైన గాట్లు గాట్లుగా ఉంటుంది. పప్పులో వేస్తాం, కూర చేస్తాం. తొక్కుతో పచ్చడి కూడా నూరుతాం. పేరుకే అది వంకాయ. సొర, బీర, దోస లాగా అది తీగకు కాస్తుంది. మరి దానికి బెంగళూరు పేరు ఎందుకు వచ్చింది? ఈ సంగతి తెలియాలంటే ఒక తోట కథ తెలుసుకోవాలి. ఆ తోట పేరు లాల్‌బాగ్. లాల్ అంటే ఎరుపు. బాగ్ అంటే తోట.

తోట ఎట్లా పుట్టింది?

లాల్‌బాగ్ బెంగళూరు నగరంలో ఉంది. 1760లో మైసూరును ఏలిన హైదర్ అలీ దీన్ని మొదలుపెట్టాడు. అప్పుడు తోట 40 ఎకరాలు. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ దాన్ని పెంచాడు. దూర దేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. రైళ్లు లేని కాలం అది. మొక్క వాడిపోకుండా తేవాలంటే ఎంత కష్టమో ఆలోచించండి.

1799లో ఇంగ్లీషు వారితో జరిగిన యుద్ధంలో టిప్పు చనిపోయాడు. తోట ఇంగ్లీషు వారి చేతికి పోయింది. 1856లో అది సర్కారు తోట అయింది. ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ తోటల శాఖ దీన్ని చూసుకుంటోంది. ఈనాడు లాల్‌బాగ్ 240 ఎకరాలు. అంటే మొదటి తోటకు 6 రెట్లు.

కొత్త కాయలు వచ్చాయి

1874లో జాన్ కామెరాన్ అనే దొర ఈ తోటకు అధికారిగా వచ్చాడు. పై దేశాల కాయగూరలు, పండ్ల మొక్కలు ఇక్కడ పెంచి చూశాడు. మన నేలలో, మన ఎండలో ఏవి బతుకుతాయో కనిపెట్టాడు. బతికిన వాటిని రైతులకు అందించారు. మన బెంగళూరు వంకాయ అట్లా ఆయన కాలంలోనే వచ్చిందని చెబుతారు. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. సముద్రాలు దాటి వచ్చి, బెంగళూరులో పెరిగి, మన వంటింట్లో చేరింది. చూశారా, తోట అంటే పూలు చూసే చోటు మాత్రమే కాదు. అది మొక్కల బడి కూడా.

కామెరాన్ తర్వాత 1908లో జర్మనీ దేశపు క్రుంబీగల్ వచ్చాడు. బెంగళూరు వీధుల్లో ఒక రకం చెట్లు పూసి రాలగానే ఇంకో రకం పూసేలా నాటించాడు. అందుకే ఆ ఊళ్లో ఏ నెలలో చూసినా ఏదో ఒక చెట్టు పూతతో కనిపిస్తుంది.

ఏమేమి చూడొచ్చు?

గాజు మేడ: ఇనుప కమ్ములు, గాజు పలకలతో కట్టిన పెద్ద ఇల్లు ఇది. 1889లో దీనికి పునాది వేశారు. ఏటా జనవరి 26, ఆగస్టు 15 పండుగలకు ఇక్కడ పూల ప్రదర్శన పెడతారు. పూలతోనే గుళ్లు, కోటలు, బొమ్మలు చేస్తారు. లక్షల మంది వస్తారు.

పెద్ద బండ: తోటలో ఒక కొండబండ ఉంది. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. మనుషులు, చెట్లు, చేపలు ఏవీ పుట్టకముందే ఆ రాయి ఉంది. దాని మీద చిన్న గోపురం ఉంది. అది బెంగళూరును కట్టిన కెంపేగౌడల కాలం నాటిది. అక్కడ నిలబడితే ఊరు కనబడుతుంది.

తెల్ల బూరుగు: బూరుగు దూది మనకు తెలుసు, దిండ్లలో నింపుతాం. ఇక్కడి తెల్ల బూరుగు చెట్టు చాలా పాతది. దాని వేర్లు నేల మీద గోడల్లా లేచి ఉంటాయి. పక్కన నిలబడితే మనిషి చిన్నబోతాడు.

రాయిగా మారిన చెట్టు: 2 కోట్ల ఏళ్ల కిందటి చెట్టు మాను ఇది. మట్టిలో పూడిపోయి రాయి అయింది. తమిళనాడు నుంచి తెచ్చి పెట్టారు.

చెరువు: తోటలో పెద్ద చెరువు ఉంది. వాన నీరు దానిలో చేరుతుంది. కొంగలు, నీటికోళ్లు వస్తాయి.

తోట ఉంటే ఏం లాభం?

బెంగళూరులో ఎటు చూసినా మేడలు, మోటార్లు, పొగ. సిమెంటు నేల వాన నీటిని తాగదు. మట్టి నేల తాగుతుంది. చెట్టు నీడనిస్తుంది, గాలిని చల్లబరుస్తుంది. డబ్బున్నవారికి ఇంటి ముందు తోట ఉండొచ్చు. ఒక్క గదిలో కాపురం చేసేవారి పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? వారికి ఇలాంటి తోటే దిక్కు.

2009లో మెట్రో రైలు దారి కోసం తోట అంచున చెట్లు కొట్టారు. ఊరి జనం చేరి, వద్దని అడ్డుపడ్డారు. చివరికి రైలు దారి పడింది. రైలు కావాలి, నిజమే. చెట్లూ కావాలి. ఏది ఎంత పోతుందో ముందే జనానికి చెప్పాలి, జనం అడగాలి. అందరి ఆస్తిని అందరూ కనిపెట్టుకుని ఉండాలి.

చదువు వస్తే దారి దొరుకుతుంది

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఎంతో మంది ఆడవాళ్లు పనికి బెంగళూరు పోతారు. బిల్డింగు పనులు చేస్తారు, బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో చేస్తారు. అక్కడి బోర్డులు కన్నడంలో ఉంటాయి. భయపడొద్దు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు తోబుట్టువులు. తలకట్టు కొంచెం మారుతుంది, అంతే. నిదానంగా చూస్తే చాలా అక్షరాలు పోల్చుకోవచ్చు. మాటలూ దగ్గరే. మామిడిని వారు మావు అంటారు. వేపను బేవు అంటారు. 'మహిళెయరు' అని ఉంటే ఆడవాళ్లకు అని అర్థం. 'శౌచాలయ' అంటే మరుగుదొడ్డి.

తోటలోకి పోవాలంటే టిక్కెట్టు కొనాలి. ధర బోర్డు మీద రాసి ఉంటుంది. మీరే చదవండి. చిల్లర మీరే లెక్క చూసుకోండి. లోపల పూలు కోయొద్దు, ప్లాస్టిక్ సంచులు పారేయొద్దు. అది రాజు వేసిన తోట. ఈనాడు మనది.

చెప్పండి చూద్దాం

1. లాల్‌బాగ్‌ను ఎవరు మొదలుపెట్టారు? ఏ సంవత్సరంలో?
2. 40 ఎకరాల తోట 240 ఎకరాలు అయింది. ఎన్ని ఎకరాలు పెరిగింది?
3. మీ ఊళ్లో అందరికీ చెందిన చెట్లు, చెరువు, ఖాళీ జాగా ఏవి? వాటిని ఎవరు చూసుకుంటున్నారు? మీ కేంద్రంలో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.