రెండవ దారి

గోదావరిఖనిలోని సింగరేణి భూగర్భగనులలో కార్మికులు వెలుపలికి వచ్చుటకు కనీసము రెండు దారులుండవలెనని చట్టము. ఒకటి మూసుకొనిపోయినను, రెండవది ప్రాణములు కాపాడును. లినక్సు కంప్యూటరులోను ఇట్టి ఏర్పాటు కలదు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్సు కెర్నెలు, యంత్రభాగములచేత పనిచేయించు మూలకార్యక్రమము. క్రొత్త కెర్నెలు చేరినను పాతది సాధారణముగా నిలిచియే యుండును. కంప్యూటరు మేల్కొనగానే ‘గ్రబ్’ అను కార్యక్రమము వీనిని పట్టికలో చూపగలదు. ఎవరును ఎంచుకొననిచో, ముందుగా నిర్ణయించిన దానిని నడుపును.

ఆ నిర్ణయమును గ్రబ్ అమరికల ఫైలులో ‘డిఫాల్ట్’ అను పంక్తియందు వ్రాయవలెను. లెక్క సున్నతో మొదలగును: సున్న యనగా పట్టికలో మొదటి వరుస, 1 యనగా రెండవది. వ్రాసిన పిదప ఉబుంటులో ‘అప్‌డేట్-గ్రబ్’ అను ఆజ్ఞ నీయనిచో మార్పు అమలు కాదు.

క్రొత్తది మొరాయించిననాడు పాతదే కంప్యూటరును మేల్కొలుపును. కావున క్రొత్తదాని నడక రూఢి యగువరకు రెండవ దారిని మూయరాదు.