నర్సుల చేతిలో డెసిషన్ యాప్: అలర్ట్ మోగాక ఎవరొస్తారు?

స్మార్ట్‌వాచ్ రివ్యూ పెట్టిన ప్రతిసారీ నాకొచ్చే ప్రశ్న ఇదే: "బ్రో, ఆక్సిజన్ రీడింగ్ కరెక్ట్‌గా చూపిస్తుందా?" రీడింగ్ కరెక్ట్‌గా ఉండాలి, నిజమే. కానీ ఆసుపత్రి వార్డులో అసలు పని రీడింగ్ వచ్చాకే మొదలవుతుంది. ఆ నంబర్లు చూసి తర్వాత ఏం చేయాలో నర్సుకి చెప్పేవే డెసిషన్ సపోర్ట్ టూల్స్.

ప్రగతి నగర్‌లో మా పక్క ఫ్లాట్ అక్క స్టాఫ్ నర్స్. న్యూస్2 అనే స్కోర్ గురించి నాకు ఆవిడే చెప్పారు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ స్కోర్‌ని తెచ్చింది, 2017లో న్యూస్2గా అప్‌డేట్ చేసింది. శ్వాస వేగం, ఆక్సిజన్, బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్... ఒక్కోదానికి 0 నుంచి 3 పాయింట్లు. పేషెంట్‌కి ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో 2 కలుస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పల్స్ 112 (2 పాయింట్లు), శ్వాస నిమిషానికి 22 (2), ఆక్సిజన్ 95 శాతం (1), టెంపరేచర్ 38.2 డిగ్రీల సెల్సియస్ (1). బీపీ, స్పృహ నార్మల్. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దగా భయపెట్టదు. కలిపితే 6! 5 వచ్చిందంటేనే డాక్టర్ అర్జెంట్‌గా వచ్చి చూడాలి. 7 అయితే ఎమర్జెన్సీ. ఈ లెక్క కాగితం మీద కూడా వేయొచ్చు. కానీ నైట్ డ్యూటీలో వార్డంతా చూసుకునే నర్సుకి, యాప్ కూడి చూపిస్తే చాలా తేడా.

మరి యాప్ ఉంటే చాలా? దీనికి జవాబు మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్లలో స్మార్ట్‌హెల్త్ ట్రయల్ చేశారు. అక్కడ వాడింది నర్సులు కాదు, ఆశా కార్యకర్తలు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో గుండె జబ్బు రిస్క్ లెక్కేసి, ఎక్కువ ఉన్నవాళ్లని డాక్టర్ దగ్గరికి పంపేవాళ్లు. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ టార్గెట్ చేరినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

యాప్ దండగ అని నేననను. "డాక్టర్‌కి చూపించండి" అని ట్యాబ్ చెప్పాక డాక్టర్ ఉండాలి, మాత్రలు దొరకాలి, పేషెంట్ వాటిని రోజూ వేసుకోవాలి. అవేవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో రావు.

హైటెక్ సిటీలో హెల్త్ యాప్‌ల మీద పనిచేసే ఫ్రెండ్స్ మీలో చాలామందే ఉంటారు. డెమోలో ఏఐ మోడల్ గురించి అడిగే ముందు ఈ మూడు అడగండి: అలర్ట్ ఎవరికి వెళ్తుంది? వాళ్లు ఎత్తకపోతే తర్వాత ఎవరికి? పేషెంట్‌ని కళ్లారా చూస్తున్న నర్సు "ఇది తప్పు" అనుకుంటే ఆ మాట నమోదు చేసే బటన్ ఉందా?