పొన్నను గుర్తించుట, పెంచుట

తెలుగువారికి పొన్న క్రొత్త చెట్టు కాదు. దేవాలయోత్సవములందు స్వామిని పొన్నవాహనముపై ఊరేగించుట పలువురు చూచియే యుందురు. తూర్పు ఆఫ్రికా మొదలు పసిఫిక్ ద్వీపముల వరకు గల ఉష్ణమండల తీరములు ఈ వృక్షమునకు పుట్టినిల్లు. అండమాన్ దీవులలోని మాయాబందర్ ప్రాంతమునను ఇది సహజముగ పెరుగును. ఉప్పుగాలిని తట్టుకొని నిలిచి, ఇండ్లకు గాలితాకిడిని తగ్గించి, చల్లని నీడ నిచ్చును.

అయితే ఆ తీరములందే సెర్బెరా ఒడోల్లం అను విషవృక్షము కూడ కలదు. రెంటి పూవులును తెల్లనివి, సువాసన గలవి. రెంటికిని పాలు కారును. కావున విత్తనములు ఏరుటకు పూర్వమే చెట్టును చక్కగ గుర్తింపవలెను.

పొన్న ఆకులు కొమ్మపై ఎదురెదురుగ జతలుగ నుండును, దళసరిగ నిగనిగలాడును. నడిమి ఈనెకు ఇరువైపుల సన్నని ఈనెలు దువ్వెనపండ్లవలె దగ్గరదగ్గరగ సాగును. పూవు నడుమ పసుపుపచ్చని కేసరముల గుత్తి యుండును. కాయ చిన్న బంతివలె గుండ్రము.

విషవృక్షపు ఆకులు జతలుగ నుండక కొమ్మ చివర గుంపుగ నుండును. పూవునకు ఐదు రేకులు. కాయ పచ్చిమామిడికాయను పోలియుండును. పిల్లలు మోసపోవున దిచ్చటనే. దాని గింజలోని సెర్బెరిన్ అను విషము గుండె లయను చెరచును. వాంతులు కలుగును, నాడి మందగించును, ప్రాణమే పోవచ్చును. ఎవరైన తినినట్లు తెలిసిన వెంటనే, బాధ కనిపించువరకు వేచియుండక, ఆసుపత్రికి చేర్పవలెను. మిగిలిన కాయను వెంట తీసికొనిపోవలెను. బలవంతముగ వాంతి చేయింపరాదు. నాటుమందులతో కాలము వృథా చేయరాదు.

పొన్నను పెంచుట సులభము. చెట్టు క్రింద రాలిన పండిన కాయలను ఏరి, పైతొక్క నొలిచి, లోని పప్పు చితుకకుండ గట్టి పెంకును మెల్లగ పగులగొట్టి తీయవలెను. పెంకు తీసిన గింజ సుమారు 3 వారములలో మొలచును. తీయనిదానికి దాదాపు 2 నెలలు పట్టును. మొక్కలను కొంత నీడలో పెంచి, అడుగు ఎత్తెదిగిన పిదప, నైరుతి వానలు ఆరంభమైనపుడు నాటవలెను. చెట్టు పెద్దదగును గనుక ఇంటిగోడకు దూరముగ చోటు చూడవలెను. గింజల నూనెను పూర్వము దీపములకు వాడిరి. అది తినుటకు పనికిరాదు.

పొన్నను నాటు ప్రతి గృహస్థుడును ఆ రెండు చెట్ల ఆకులను, కాయలను తన పిల్లలకు చూపి భేదము చెప్పవలెను. తీరమున ఏరిన ఏ కాయనైనను నోట పెట్టుకొనరాదని వారికి నేర్పవలెను.