‘ఏందో వాగుతుండు’ అని వదిలేయొద్దు.. అది స్ట్రోక్ కావచ్చు!
అర్థంకాని మాటలకు మన దగ్గర పేర్లు బోలెడు. నోటికొచ్చింది మాట్లాడితే అవాకులు చెవాకులు. నిద్రలో అయితే కలవరింత. జ్వరం తలకెక్కి మాట్లాడితే సంధి ప్రేలాపన. వరంగల్ వైపు ఇంట్లో తేలిగ్గా అనేసేది మాత్రం ‘ఏందో వాగుతుండు’.

చిక్కంతా ఇక్కడే. అప్పటిదాకా బాగున్న మనిషికి ఒక్కసారిగా మాట ముద్దగా వస్తే అది బ్రెయిన్ స్ట్రోక్ కావచ్చు. కొందరు గలగలా మాట్లాడతారు, కానీ మాటకు మాటకు పొంతన ఉండదు. ఈ రకాన్ని 1874లోనే జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె వివరించారు. తాగాడనో, గాలి సోకిందనో పడుకోబెడితే టైమ్ పోతుంది. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. మూతి వంకర పోయేదాకా చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. చివరిసారి ఎన్ని గంటలకు సరిగ్గా మాట్లాడారో గుర్తుపెట్టుకోండి, డాక్టర్లు ముందు అడిగే వాటిలో అదొకటి.