ఇసుక పోస్తే ఎడారి అవుతుందా?

పిల్లలూ! చిన్నప్పుడు మీరంతా పిచ్చుక గూళ్ళు కట్టే ఉంటారు. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి, చేత్తో తట్టి తట్టి, మెల్లగా పాదం వెనక్కి తీస్తే చక్కటి గుహ నిలుస్తుంది. మధ్యాహ్నం ఎండకి ఇసుక ఆరగానే ఆ గుహ దానంతటదే కూలిపోతుంది. ఈ ఆటలో ఉన్న భౌతికశాస్త్రం మీద ఒక సాలీడు ప్రాణం ఆధారపడి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. కిందటి ఏడాది అమెరికా నుంచి ఒక ఉత్తరం వచ్చాక తెలిసింది.

నా పాత విద్యార్థి ఒకడు అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ అమ్మాయికి పన్నెండేళ్ళు. ఆ పాప పెంపుడు జంతువుల దుకాణం నుంచి టరాంటులా అనే పెద్ద సాలీడును తెచ్చుకుంది. నా విద్యార్థి ఇలా రాశాడు: "మాస్టారూ, ఎడారి సాలీడుకి ఎడారే కట్టిస్తానని మా అమ్మాయి సంచెడు ఎర్ర ఇసుక కొని గాజుపెట్టెలో పోసింది. నాలుగు రాళ్ళు, ఒక ప్లాస్టిక్ నాగజెముడు కూడా పెట్టింది. చూడటానికి సినిమా సెట్టింగులా ఉంది. కానీ సాలీడు నేల మీద కాలు పెట్టటం లేదు. పది రోజులుగా గాజు గోడను పట్టుకుని వేలాడుతోంది. చచ్చిపోతుందేమోనని పాప ఏడుస్తోంది. మీరేమైనా చెప్పగలరా?"

ఆ ఉత్తరం తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. "ఎడారి సాలీడుకి ఇసుక నచ్చకపోవటమేమిటి సార్?" అని అందరూ ఆశ్చర్యపోయారు. సరే, ఆ సంగతి తేలుద్దామని బయలుదేరాం.

ఎవరీ టరాంటులా?

సాలీడు కీటకం కాదని మీకు తెలుసు. కీటకానికి ఆరు కాళ్ళు, సాలీడుకి ఎనిమిది. టరాంటులాలు ఒళ్ళంతా వెంట్రుకలున్న పెద్ద సాలీళ్ళు. టూసాన్ చుట్టుపక్కల ఉండే రకానికి అఫోనోపెల్మా చాల్కోడిస్ అని శాస్త్రీయ నామం. కాళ్ళు చాస్తే ఇంచుమించు మన అరచేయంత ఉంటుంది. ఆడది ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుంది. మగది పదేళ్ళ ప్రాయంలో ఎదిగి, వానాకాలంలో ఆడదాన్ని వెతుక్కుంటూ బయలుదేరి, తర్వాత కొద్దికాలానికే చనిపోతుంది.

ఈ సాలీడు గాలిలో వల కట్టి పురుగులు పట్టదు. నేలలో కలుగు తవ్వుకుని అందులోనే జీవితమంతా గడుపుతుంది. ఆ కలుగు అడుగు లోతు, ఒక్కోసారి అంతకన్నా లోతు ఉంటుంది. ద్వారం చుట్టూ పట్టు దారాలు అల్లుతుంది. రాత్రి వేళ గుమ్మంలో కూర్చుని, దగ్గరకొచ్చిన పురుగు అడుగుల కదలికను కాళ్ళతో పసిగట్టి పట్టుకుంటుంది. దానికి చూపు చాలా తక్కువ. లోకాన్ని కాళ్ళతో చూస్తుందని చెప్పుకోవచ్చు.

ఎడారి అంటే ఇసుకేనా?

ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు, ఒంటెలు గుర్తుకొస్తాయి. కాని సహారాలో కూడా ఇసుక పరుచుకున్న భాగం సుమారు నాలుగో వంతే. తక్కినదంతా రాళ్ళు, గులక, గట్టి నేల. టూసాన్ ఉన్న సోనోరా ఎడారి వైశాల్యం సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్లు. అందులోనూ తిన్నెలున్న చోటు కొద్దిపాటిదే. కొండల నుంచి కొట్టుకొచ్చిన గులక, ఇసుక, బంకమన్ను కలిసిపోయిన వాలు నేలలే ఎక్కువ. చాలాచోట్ల మట్టి కింద సున్నం పేరుకుని రాయిలా గట్టిపడిన పొర ఉంటుంది.

ఇక వాన సంగతి. టూసాన్‌లో ఏడాదికి సుమారు 30 సెంటీమీటర్ల వాన పడుతుంది. మా అనంతపురం జిల్లా సగటు సుమారు 55 సెంటీమీటర్లు. టూసాన్ వానలో దాదాపు సగం జూలై నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. ఆ తేమ పైపొరల్లో త్వరగా ఆరిపోయినా లోపలి మట్టిలో చాలాకాలం మిగులుతుంది. వేసవి మధ్యాహ్నం అక్కడ నేల పైభాగం 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అడుగు లోతున మాత్రం ఆ సెగ తగలదు. అంటే మనకు కనిపించే ఎడారి వేరు, సాలీడు బతికే ఎడారి వేరు. అది బతికేది చల్లగా, కొంచెం తేమగా ఉన్న మట్టి గదిలో.

సీసాలలో పరీక్ష

ఎలాంటి మట్టిలో కలుగు నిలుస్తుందో చూడాలని నాలుగు ఖాళీ గాజు సీసాలు తీసుకున్నాం. మొదటిదానిలో వంక ఇసుక, రెండవదానిలో నల్లరేగడి, మూడవదానిలో కొబ్బరి పొట్టు వేశాం. నాలుగవదానిలో ఎర్రమన్ను ఆరు పాళ్ళు, ఇసుక రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు కలిపి వేశాం. అన్నిటినీ కొద్దిగా తడిపి, అదిమి, లావుపాటి పెన్సిలును వాలుగా గుచ్చి తీశాం. నాలుగింటిలోనూ కలుగు చక్కగా ఏర్పడింది. సీసాలను వారం రోజులు నీడలో ఉంచి, వేలితో మెల్లగా తట్టి చూశాం.

ఇసుక కలుగు పూర్తిగా కూలిపోయింది. రేగడి నిలిచింది కాని ఇటుకలా గట్టిపడి, పెద్ద పగుళ్ళు వేసింది. కొబ్బరి పొట్టు లోపల తేమగానే ఉంది కాని పైన ఆరి, కలుగు నోరు కుంగిపోయింది. నాలుగో సీసాలో కలుగు పెన్సిలు తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

కారణమేమిటి?

2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా ఉన్న రేణువులను ఇసుక అంటాం. 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి బంకమన్ను రేణువులు. తడి ఇసుకలో రెండు రేణువుల మధ్య సన్నని నీటి పొర ఉంటుంది. నీటి తలతన్యత ఆ రెండింటినీ దగ్గరకు లాగి పట్టి ఉంచుతుంది. పిచ్చుక గూడు నిలిచేది ఈ బలంతోనే. నీరు ఆవిరైతే ఆ పట్టు పోతుంది. అప్పుడు ఇసుక గోలీల కుప్పలా జారిపోతుంది.

బంకమన్ను రేణువులు అతి చిన్నవి, పలుచని రేకుల్లాంటివి. అవి ఒకదానికొకటి అంటుకుని, ఆరిన తర్వాత కూడా ఇసుక రేణువులను జిగురులా పట్టి ఉంచుతాయి. మన పొలాల గట్ల మీది పుట్టలు ఎండకీ వానకీ కూలకుండా నిలవటానికీ ఇదే కారణం. చెదపురుగులు బంకమన్నును తమ లాలాజలంతో కలిపి పుట్ట కడతాయి. కాని బంకమన్ను మరీ ఎక్కువైతే రేగడిలా పగుళ్ళు వేస్తుంది. అందుకే పాళ్ళు చూసి కలపాలి.

గోడ మీద ఉంటే నష్టమేమిటి?

"పోనీ, గోడ మీదే ఉండనిస్తే?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. టరాంటులా కడుపు మెత్తటి సంచి లాంటిది. అరచేయంత సాలీడు ఒక అడుగు ఎత్తు నుంచి రాయి మీద పడినా ఆ సంచి చిట్లిపోవచ్చు. చిట్లితే కారేది రక్తం వంటి ద్రవం. సాలీడుకి కాళ్ళు ముడవటానికి కండరాలున్నాయి కాని, రెండు ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాచటానికి లేవు. ఈ ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి పంపి వాటిని చాస్తుంది. జాతరలో అమ్మే, ఊదితే సాగే కాగితపు బూర చూశారు కదా, అలాగన్నమాట. ద్రవం కారిపోయినా, ఒంట్లో నీరు తగ్గినా కాళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. అది అపాయానికి గుర్తు.

మేము పంపిన సలహా

మా తరగతి అంతా కూర్చుని టూసాన్ పాపకు ఇలా రాశాం:

1. ఇసుక తీసేసి, ఎరువులూ పురుగుమందులూ తగలని మన్ను ఆరు పాళ్ళు, ఇసుక రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు కలుపు. జాతీయ పార్కుల నుంచి మన్నూ రాళ్ళూ తేకూడదు. దేవదారు పొట్టు అసలు వెయ్యకు. దాని నూనెలు సాలీడుకి హాని చేస్తాయి.

2. మన్ను పైభాగానికీ మూతకీ మధ్య ఎత్తు సాలీడు కాళ్ళ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటరాదు. మీ సాలీడు 12 సెంటీమీటర్లు కనుక 18 చాలు. మీ పెట్టె ఎత్తు 35 సెంటీమీటర్లు. అంటే మన్ను 17 సెంటీమీటర్ల మందాన వెయ్యాలి.

3. మన్నును కొద్దిగా తడిపి అదుము. ఒక బెరడు ముక్క కింద బొటనవేలితో వాలుగా రంధ్రం చెయ్యి. తక్కినది అదే తవ్వుకుంటుంది.

4. నీ ఎడారి అందం ఎక్కడికీ పోదు. అంతా అయ్యాక పైన పలుచగా ఇసుక చల్లు. రంగు వేసిన ఇసుక, పదునైన గులక వద్దు. బరువైన రాయిని మన్ను మీద కాక పెట్టె అడుగునే ఆనించి పెట్టు. లేకపోతే సాలీడు దాని కింద తవ్వినప్పుడు రాయి మీద పడుతుంది.

5. చిన్న పళ్ళెంలో ఎప్పుడూ నీళ్ళుంచు. పైన పొడిగానే ఉండనిచ్చి, నెలకో రెండు సార్లు ఒక మూల కాసిని నీళ్ళు పోసి అడుగున తేమ ఉంచు.

6. సాలీడును వేరే డబ్బాలోకి మార్చే పని నాన్నగారిని చెయ్యమను. బెదిరితే అది వెనక కాళ్ళతో కడుపు మీది వెంట్రుకలు దులుపుతుంది. అవి కళ్ళలో పడితే చాలా బాధ.

మన గుత్తి సాలీడు

ఇదంతా విని మా వాళ్ళలో ఒకడు, "మనమూ ఒకటి పట్టి పెంచుదాం సార్" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో చెబుతాను. మా జిల్లాలోని గుత్తి పేరు ఒక టరాంటులాకు ఉంది. నీలమణిలా మెరిసే ఆ సాలీడును పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో వర్ణించి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. మొదటి నమూనా గుత్తి రైల్వే కలప అడితిలో దొరికింది. నిజానికి దాని ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుంది. అది నేలలో తవ్వదు, ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది. దానికి లోతైన మట్టి కాదు, నిలువు బెరడు కావాలి. చెట్లు నరకటం వల్ల, అందానికి ఆశపడి పట్టుకుపోవటం వల్ల అది అంతరించే దశకు చేరింది. 2008లో దాన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల పట్టికలో చేర్చారు. 2019లో ఆ ప్రజాతి మొత్తం మీద అంతర్జాతీయ వ్యాపారానికి ఆంక్షలు పెట్టారు. కనుక అడవిలోని సాలీడుకు అడవే సరైన పెట్టె.

ఆరు వారాల తర్వాత టూసాన్ నుంచి మరో ఫొటో వచ్చింది. అందులో సాలీడు లేదు! బెరడు ముక్క పక్కన రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్ద కన్నం, దాని చుట్టూ తెల్లటి పట్టు దారాలు మాత్రమే ఉన్నాయి. పాప స్వయంగా రాసింది: "తాతగారూ, ఇప్పుడు అది పగలు కనిపించటమే లేదు. రాత్రి దీపం తగ్గిస్తే గుమ్మంలోకి వస్తుంది. ముందు నాకు దిగులేసింది. తర్వాత దానికి ఇల్లు దొరికిందని అర్థమైంది."

మీరూ ఒక పని చెయ్యండి. మీ ఊరి మట్టి గుప్పెడు తీసి, సీసాలో నీళ్ళు పోసి బాగా కుదిపి కదలకుండా ఉంచండి. ఒక నిమిషంలోనే అడుగుకు చేరేది ఇసుక. కొన్ని గంటలకు దిగేది ఒండ్రు. మర్నాటికీ నీటిని మురికిగా ఉంచేది బంకమన్ను. ఏది ఎంత ఉందో కొలిచి రాసుకోండి. ఆ తర్వాత చీమలు, ఎండ్రకాయలు, సాలీళ్ళు మీ ఊళ్ళో ఏ మట్టిలో కన్నాలు చేసుకున్నాయో వెతికి చూడండి. ముట్టుకోకుండా చూడటం మాత్రం మరిచిపోకండి.