ఇంజను గాలిగొట్టమును సవరించి బలము పెంచుట

కడపలో ఎరువుల మూటలు నింపుకొని రాయచోటికి వచ్చు బండి యేదైనను గువ్వలచెరువు కనుమ నెక్కక తప్పదు. బయలున గుఱ్ఱమువలె పరుగెత్తిన ఇంజనే ఆ మలుపులలో ఆయాసపడును. నల్లని పొగ గ్రక్కును. డ్రైవరు గేరు తగ్గించి తగ్గించి విసిగిపోవును. గువ్వలచెరువులో పాలకోవకై బండి నిలుపుట కోవ రుచికొఱకు మాత్రమే కాదు, ఇంజను చల్లారుటకు గూడ నని మాకు తోచును. ఇట్టి బండ్లు గల సభ్యులును, ట్రాక్టరుతో వేరుసెనగ నూర్చు సభ్యులును “గాలిగొట్టము మార్చినచో ఇంజనుకు బలము వచ్చునట, నిజమా?” యని మమ్ము అడుగుచున్నారు. అందు నిజము కొంత కలదు. ఆ కొంత యెంతయో యెఱుగక షెడ్డునకు పోయినవారికి డబ్బు నష్టమే కాక ఇంజను నష్టము గూడ కలుగవచ్చును గాన ఈ సంగతిని కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

ఇంజను త్రాగునది నూనె యని మన మనుకొందుము. తూకము వేసి చూచినచో అది ముఖ్యముగా తినునది గాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. డీజిలునకు పొగలేక మండవలెనన్న ఇంకను ఎక్కువ కావలెను. మన ప్రాంతమున సామాన్యముగా కనబడు ట్రాక్టరు ఇంజను 2,500 ఘనపు సెంటీమీటర్లదని యనుకొందము. అది నిమిషమునకు 2,000 చుట్లు తిరిగినచో, రెండు చుట్లకు ఒకమాఱు గాలి పీల్చును గాన, లెక్క ప్రకారము నిమిషమునకు 2,500 లీటర్లు పీల్చవలెను. వాస్తవమున అందు నూటికి 85 పాళ్లు లోపలికి చేరినదని యనుకొన్నను, పదియడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలోని గాలిని గంటకు నాలుగున్నర గదుల చొప్పున మ్రింగుచున్నదన్న మాట. ఆ తక్కిన 15 పాళ్లు ఎచ్చట పోయినవో కనుగొని కొంతయైన రాబట్టుటయే ఈ సవరణల సారము.

ఫిల్టరునుండి వచ్చిన గాలిని ఒక్కొక్క సిలిండరునకు పంచిపెట్టు చీలుగొట్టమునే మెకానిక్కులు ఇన్‌టేక్ మానిఫోల్డు అందురు. మడుల కన్నిటికి నీరు పంచు కాలువవంటి దిది. కాలువలో రాయి అడ్డుపడినను, గట్టు తెగినను, ఒక మడికి ఎక్కువయు ఒక మడికి తక్కువయు పారినను పంట చెడునట్లే ఇందును జరుగును. అయితే నీటికి లేని గుణమొకటి గాలికి కలదు. కవాటము తటాలున మూసికొనగా, పరుగున వచ్చుచున్న గాలి కొట్టుకొని వెనుకకు అలవలె పోయి, గొట్టపు మొదట తగిలి మరల వచ్చును. ఆ అల తిరిగి వచ్చువేళకు కవాటము తెఱచియున్నచో అదనపు గాలి దానంతట అది లోపల దూరును. ఎండకాలపు గాలిలో ఈ అల సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును. గొట్టము పొడవైనచో తక్కువ చుట్లలోను, పొట్టిదైనచో ఎక్కువ చుట్లలోను ఈ మేలు కలుగును. అమెరికాలో క్రైస్లరు కంపెనీవారు 1960లో తమ 300-ఎఫ్ కారునకు 30 అంగుళముల పొడవుగల గొట్టములు పెట్టినది ఇందుకే.

దీనినుండి మన సభ్యులు గ్రహింపదగినది యొకటి కలదు. పందెపు కార్లకు గొట్టము వెడల్పుచేసి పొట్టిగా కోయుదురు. వారికి నిమిషమునకు 6,000 చుట్లకు పైబడిన వేగమున బలము కావలెను. కనుమ యెక్కు బండికి, దున్ను ట్రాక్టరునకు కావలసినది తక్కువ చుట్లలో లాగు శక్తి. వెడల్పు గొట్టములో గాలి మందముగా నడచి ఆ లాగుడే తగ్గిపోవును. కావున పట్నపు షెడ్డులో ఎవరో కారునకు చేసిరని మీరును లోపల తొలిపించుకొనుట తగదు.

డీజిలు ఇంజను విషయమున మఱియొక జాగ్రత్త. పాత డీజిలు ఇంజనులో బలమును నిర్ణయించునది నూనె పంపు. గాలి ఎక్కువ పంపినంత మాత్రమున నూనె ఎక్కువ రాదు. గాలి కొఱత తీరిన నల్లపొగ తగ్గును, నూనె చక్కగా మండును, పోయిన బలము మరల వచ్చును. కంపెనీవా రిచ్చినదానికన్న ఎక్కువ బలము మాత్రము రాదు. అట్లు కాదని పంపు సీలు విప్పి నూనె పెంచువారు కలరు. కొన్నాళ్లు బండి ఉరుకును. పిదప పొగగొట్టము కాలి, పిస్టను తల కరగి, ఒక పంట డబ్బంతయు మరమ్మతు క్రింద పోవును.

ఇక చేయదగిన పనులు. అన్నిటికన్న ముందు చల్లని గాలి. రేడియేటరు వెనుక 65 డిగ్రీల వేడిగాలి పీల్చు ఇంజనుకు, బయటి 35 డిగ్రీల గాలి పీల్చు ఇంజనుకన్న నూటికి 9 పాళ్ల గాలి తక్కువ అందును. రాయచోటి సముద్రమట్టమునకు వేయి అడుగులకు పైన నుండుటవలన గాలి సహజముగనే నూటికి మూడు పాళ్లు పలుచన. పాత జీపులలో గాలి నోరు ఇంజను ప్రక్కనే తెఱచియున్నచో, రేకుతోనో గట్టి రబ్బరు గొట్టముతోనో దానిని బయటి గాలికి చేర్చవలెను. వాననీరు దూరకుండ నోరు క్రిందికి వంచవలెను. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేయు సవరణ మఱియొకటి లేదని మా యభిప్రాయము.

రెండవది అతుకు. మానిఫోల్డు నోరును, ఇంజను తలలోని రంధ్రమును సరిగా కలియక మెట్టువలె నిలుచుట పలుమాఱులు కలదు. గ్యాస్కెటు లోపలికి పొడుచుకొని వచ్చుటయు కలదు. మానిఫోల్డు విప్పి, క్రొత్త గ్యాస్కెటును దానిపై నుంచి గీత గీసి, ఆ గీతవఱకు ఆకురాయితో మెల్లగా అరగదీసి మెట్టు పోగొట్టవలెను. మానిఫోల్డు ఇంజనుమీద నుండగా ఈ పని చేయరాదు. ఒక్క ఇనుపరజను లోపల పడినను సిలిండరు గోడ గీచుకొనిపోవును. తిరిగి బిగించుటకు ముందు కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టవలెను. దీనివలన వచ్చు లాభము కొంచెమే. వేఱు పనికై ఎట్లును విప్పినప్పుడు చేయించుకొనుట మేలు.

క్రొత్త డీజిలు బండ్లలో పొగను కొంత మరల లోపలికి పంపు ఏర్పాటు కలదు. అందలి మసి నూనెతో కలిసి మానిఫోల్డులో తారువలె పేరుకొని దారిని ఇఱుకు చేయును. దానిని విప్పి శుభ్రము చేసినచో బండి తేలికపడుట స్పష్టముగా తెలియును. ఆ ఏర్పాటునే మూసివేయుమని కొందఱు సలహా చెప్పుదురు. అది చట్టవిరుద్ధము, చేయించుకొనవలదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీవారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. గొట్టము లోపల పెట్టు చిన్న గాలి చక్రములను, అయస్కాంతములను అమ్మువారు వచ్చినచో కాఫీ యిచ్చి పంపివేయుడు. నూనె ఆదా చేయునని చెప్పు ఇట్టి వస్తువులను నూటికి పైగా అమెరికా పర్యావరణశాఖవారు పరీక్షింపగా, గణనీయముగా మేలుచేయున దొక్కటియు కనబడలేదు.

అన్నిటికన్న మాకు భయము కలిగించునది ఫిల్టరు సంగతి. ఫిల్టరు తీసివేసినచో ఇంజను స్వేచ్ఛగా పీల్చుననుట నిజమే. మన ఎఱ్ఱదుమ్మును గూడ అంతే స్వేచ్ఛగా పీల్చును. వేరుసెనగ నూర్పిడిలో పొట్టును ధూళియు మేఘమువలె లేచుచుండగా ఫిల్టరు లేక ఒక్క పంటకాలము నడపిన ఇంజనులో రింగులు అరిగి, నూనె మండి, నీలిపొగ వచ్చుటకు ఆశ్చర్యపడ నక్కరలేదు. నూనెతొట్టి ఫిల్టరు గలవారు నూర్పిడి దినములలో ప్రతిదినము మూత విప్పి, బురద తీసి, గుర్తువఱకు మాత్రమే క్రొత్త నూనె పోయవలెను. గుర్తు దాటినచో ఇంజను ఆ నూనెనే పీల్చి ఆపినను ఆగక పరుగిడును. కాగితపు ఫిల్టరును బయటినుండి గట్టిగాలితో ఊదరాదు, దుమ్ము మడతలలోనికి దిగును. మెల్లగా తట్టి, అప్పటికిని దారి ఈయనిచో మార్చవలెను.

గొట్టములో ఎచ్చటనైన ఫిల్టరునకు ఈవల చీలిక కలదేమో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. టర్బో లేని డీజిలు ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి, ఫిల్టరు నోటికి చదునైన చెక్క నొకదానిని అడ్డము పెట్టుడు. చేయి మాత్రము పెట్టవలదు. ఇంజను కొద్ది క్షణములలో ఉక్కిరిబిక్కిరియై ఆగిపోవలెను. ఆగక నడచుచున్నచో ఎచ్చటనో దొంగదారిన గాలి, దానితో దుమ్ము, లోపలికి పోవుచున్నదన్న మాట. అప్పుడు రబ్బరు గొట్టపు వంపులను, క్లిప్పులను, మానిఫోల్డు గ్యాస్కెటును వరుసగా చూచి, చీలిక దొరికినవఱకు బండిని పొలములోనికి దింపకుండుడు.